నెట్‌లో కనబడ్డ సైన్స్ ముచ్చట నమ్మాలా వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున ఆరున్నరకి షట్టర్ తీస్తే పరగడుపున వచ్చేవాళ్ళు లైన్ కట్టి కూర్చుంటారు, చెయ్యి చాపి సూది గుచ్చేలోపే ఇంకో చేత్తో ఫోన్ తీసి "ఇది నిజమేనా కొంచెం చూడండి" అంటారు. కాలనీ గ్రూప్‌లో కూడా ఇదే. ఒకటే మాట వందసార్లు టైప్ చేసే బదులు అన్నీ ఒక్క చోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్‌ని కాదు, మందులు చెప్పను, ఒక సమాచారం ఎంత గట్టిదో చూసుకునే పద్ధతి మాత్రమే చెప్తా.

ఫ్యామిలీ గ్రూప్‌లో హెల్త్ మెసేజ్ వచ్చింది. ముందు ఏం చూడాలి?

ముందు అసలు వాళ్ళు ఏమంటున్నారో ఒక్క వాక్యంలో మీ మాటల్లో చెప్పుకోండి. "ఫలానా ఆకు తింటే షుగర్ తగ్గుతుంది" అన్నారనుకోండి, తగ్గటం అంటే ఎంత తగ్గింది, ఎవరిలో, ఎన్ని రోజుల్లో, దేనితో పోలిస్తే తగ్గింది. ఈ నాలుగూ అడగండి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, ఈ పేజీ అంతా తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తా. చాలా ఫార్వర్డ్‌లు ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి, ఇంకేం వెతకాల్సిన పని కూడా ఉండదు.

తర్వాత పైన రెండు బాణాల గుర్తు ఉందా చూడండి, ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, రాసినవాళ్ళు ఎవరో పంపినవాళ్ళకి కూడా తెలీదు. "ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్ ఆఫ్ చెయ్యండి, నాసా చెప్పింది" అనే మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంది. "ఈ రాత్రి" అంటే ఏ రాత్రి? తేదీ లేదు. తేదీ లేని సైన్స్ వార్తని అక్కడే వదిలెయ్యండి.

మా పక్కింటాయనకి డెంగీ వస్తే బొప్పాయి ఆకు రసంతోనే ప్లేట్‌లెట్లు పెరిగినయ్. కళ్ళారా చూసినం. అది కూడా నమ్మొద్దా?

ప్రతి సంవత్సరం వానాకాలం దాటేసరికి నన్ను ఎక్కువ అడిగేది ఇదే, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా.

మొన్న సీజన్‌లో ఒక పెద్దావిడ మనవడిని తీసుకుని రోజూ వచ్చేది. నాలుగో రోజు జ్వరంలో కౌంట్ 62 వేలు, అయిదో రోజు 38 వేలు, ఆరో రోజు 41 వేలు, ఎనిమిదో రోజుకి 1 లక్ష 20 వేలు. రిపోర్ట్ చేతికి ఇస్తే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని "అయిదో రోజు నుంచి ఆకు రసం తాపినం బిడ్డా, చూడు ఎట్ల పెరిగినయో" అంది. ఆమె అబద్ధం చెప్పట్లేదు. తాపింది నిజం, పెరిగింది నిజం.

కానీ నా దగ్గరికి రోజూ వచ్చే డెంగీ రిపోర్ట్‌లు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రసం తాగినవాళ్ళవీ తాగనివాళ్ళవీ దాదాపు అందరివీ ఇదే గీత గీస్తాయి. డెంగీ నడకే అది. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల తర్వాత ప్లేట్‌లెట్లు పడతాయి, ఒక అడుగుకి చేరతాయి, కోలుకునే దశ మొదలవ్వగానే వాటంతట అవే లేస్తాయి. ఇంట్లో వాళ్ళు ఆకు కోసం పరిగెత్తేది ఎప్పుడు? కౌంట్ బాగా పడినప్పుడు, అంటే అడుగుకి దగ్గరైనప్పుడు. ఆ తర్వాత ఏం ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా పెరుగుతుంది. అక్కడ కొబ్బరినీళ్ళు ఇస్తే కొబ్బరినీళ్ళకి పేరొస్తుంది, కివీ పండు ఇస్తే కివీకి.

అందుకే "దేనితో పోలిస్తే" అని అడగమన్నది. రసం తాగిన వందమందిని, అదే రోజు అదే కౌంట్ ఉండి తాగని వందమందిని పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో చీటీలు తీసినట్టు తీసి, అప్పుడు చూడాలి. బొప్పాయి ఆకు మీద మన దేశంలో అట్లాంటి ట్రయల్స్ కొన్ని జరిగాయి, కౌంట్ కొంచెం తొందరగా లేచిందని కొన్నిటిలో వచ్చింది, కానీ ఎక్కువ శాతం చిన్నవి. దాన్ని పట్టుకుని ప్రాణం కాపాడుతుందని చెప్పటం చాలా పెద్ద దూకుడు.

ఇంకోటి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగిన టైమ్‌లోనే మొదలవుతుంది, అప్పుడు ఒకటి రెండు రోజులు రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, మనిషి మత్తుగా పడి ఉండటం, ఇవి కనబడితే వెంటనే హాస్పిటల్‌కే. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్ట్‌లో డాక్టర్లు ప్లేట్‌లెట్లతో పాటు, రక్తం ఎంత చిక్కబడిందో తెలిపే పీసీవీ కూడా చూసేది ఇందుకే, ఇంట్లో వాళ్ళు ఒక్క ప్లేట్‌లెట్ల నంబరే చూసుకుంటూ కూర్చుంటారు.

నంబర్ ఉంటే నమ్మొచ్చు కదా? మెషిన్ ఇచ్చింది అబద్ధం ఎందుకవుతుంది?

మెషిన్ ముందు కూర్చునే మనిషిగా చెప్తున్నా, ఒక్క నంబర్ చూసి పరేషాన్ అవ్వొద్దు, ఒక్క నంబర్ చూసి సంబరపడొద్దు. సీబీపీకి రక్తం పర్పుల్ క్యాప్ ట్యూబ్‌లో తీస్తాం, అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది. కొంతమంది రక్తంలో ఆ ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి, మెషిన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. ఒకసారి ఏ జబ్బూ లేని కుర్రాడికి 24 వేలు అని వచ్చింది, ఉద్యోగం కోసం మెడికల్ టెస్టుకి వచ్చాడు, మొహం పాలిపోయింది. స్లైడ్ మీద స్మియర్ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే అంచుల దగ్గర గుత్తులు గుత్తులుగా ప్లేట్‌లెట్లు. నీలం క్యాప్ సిట్రేట్ ట్యూబ్‌లో మళ్ళీ తీసి, అందులో ఉండే ద్రవానికి సరిపడా 1.1 తో గుణిస్తే 1 లక్ష 90 వేలు వచ్చింది.

నెట్‌లో గ్రాఫ్ చూసినా, పర్సెంటేజ్ చూసినా ఇదే అడగండి: ఈ నంబర్ ఎలా తీశారు, ఇంకో పద్ధతిలో తీసినా ఇదే వచ్చిందా?

"స్టడీలో తేలింది" అని రాస్తే సైన్స్ అయినట్టే కదా?

ఎవరి మీద స్టడీ అన్నది చూడండి. డిష్‌లో పెంచిన కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? క్యాన్సర్ కణాలని డిష్‌లో చంపేవి చాలా ఉన్నాయి, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. హెడ్డింగ్‌లో "క్యాన్సర్‌కి చెక్" అని ఉండి లోపల ఆఖరి పేరాలో "ఎలుకల్లో" అని ఉంటుంది, ఆ పేరా దాకా చదవాలి.

ఎంతమంది మీద అన్నది రెండోది. 2015 లో జాన్ బొహానన్ అనే జర్నలిస్ట్ జర్మనీలో కొంతమందితో కలిసి కావాలనే ఒక లోపాల స్టడీ చేశాడు, చాక్లెట్ తింటే బరువు తొందరగా తగ్గుతుందని. లెక్కలోకి వచ్చినవాళ్ళు 15 మంది, వాళ్ళలో కొలిచినవి బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా 18 రకాలు. 18 కొలిస్తే ఏదో ఒకటి ఊరికే అదృష్టం కొద్దీ "తేడా ఉంది" అని రావటానికి సగం కంటే ఎక్కువే ఛాన్స్ ఉంటుంది, అదే పట్టుకుని పేపర్ రాసేశాడు, డబ్బు కడితే పరిశోధన పేపర్లు అచ్చేసే ఒక జర్నల్ వేసేసింది, చాలా దేశాల పత్రికలు హెడ్డింగ్‌లు పెట్టేశాయి. తర్వాత ఆయనే బయటపెట్టాడు. ఆ వార్తలు రాసినవాళ్ళు "ఎంతమంది మీద?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడే ఆగిపోయేది.

మూడోది మోతాదు. మెంతుల మీద మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ వాళ్ళే చేసిన స్టడీ 1990 లో వచ్చింది, షుగర్ బాగానే తగ్గింది. కానీ అది టైప్ 1 షుగర్ ఉన్న 10 మంది మీద, 10 రోజులు, కొవ్వు తీసేసిన మెంతిపొడి రోజుకి 100 గ్రాములు భోజనంలో కలిపి పెట్టారు. మనం రాత్రి నానబెట్టుకునే చెంచా మెంతులకి ఆ ఫలితం అట్లే అంటగడితే ఎలా? స్టడీ నిజమే, మన దాకా వచ్చిన మెసేజ్‌లో 100 గ్రాముల మాట రాలిపోయింది.

ఒక్క స్టడీ గట్టిగా ఉంటే చాలదా?

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర రొనాల్డ్ రాస్ పనిచేసిన బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. 1897 ఆగస్టు 20 న దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాళ్ళు ఆయన చూసింది మన ఊళ్ళోనే, ఎంత గొప్ప సంగతో చెప్పక్కర్లేదు. అయినా దాంతో అయిపోలేదు. ఆ దోమ మనిషికి జబ్బు ఎక్కిస్తుందని అప్పటికి రుజువు కాలేదు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని చేసి క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా ఎలా చేరుతుందో రాస్ చూపించాడు, మనుషుల్లో అనాఫిలిస్ దోమతో మొత్తం చక్రాన్ని ఇటలీలో గ్రాసీ వాళ్ళు చూపించారు. 1902 లో నోబెల్. అంత పెద్ద విషయమే వేరే చోట, వేరే చేతుల్లో మళ్ళీ నిలబడ్డాక గట్టిపడింది, అట్లాంటిది నిన్న వచ్చిన ఒక్క పేపర్ పట్టుకుని ఇంట్లో నూనె మార్చేస్తే ఎలా?

ఒకే ప్రశ్న మీద జరిగిన స్టడీలన్నీ కలిపి తూకం వేసే రివ్యూలు ఉంటాయి, కాక్రేన్ వాళ్ళవి అందులో పేరున్నవి, సామాన్యులకి అర్థమయ్యే భాషలో చిన్న సారాంశం కూడా పెడతారు. మీ ప్రశ్న మీద అట్లాంటిది ఉంటే ముందు అదే చదవండి.

పెద్ద జర్నల్‌లో వచ్చింది. ఇంక అనుమానం దేనికి?

పెద్ద జర్నల్ అంటే జల్లెడ కొంచెం సన్నది, అంతే. 1998 లో లాన్సెట్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ 12 మంది పిల్లల మీద పేపర్ వేసి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకి ఆటిజంకి ముడిపెట్టాడు. తర్వాత లక్షల మంది పిల్లల మీద చూసినా ఆ సంబంధం దొరకలేదు, 2010 లో లాన్సెట్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా పోయింది. కానీ 12 ఏళ్ళలో ఎంతమంది తల్లులు భయపడి టీకా మానేశారో. ఇప్పటికీ మా ల్యాబ్‌కి వచ్చే చంటిపిల్లల తల్లులు అడుగుతూనే ఉన్నారు, అడిగినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంకోటి కోవిడ్ టైమ్‌లోది. 2020 మే 22 న అదే లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీద పేపర్, 671 హాస్పిటళ్ళు, 96 వేల మంది పేషెంట్లు అని. ఆ పేపర్ లెక్క ఆగిన ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా దేశం మొత్తంలో కోవిడ్‌తో చనిపోయినవాళ్ళ కంటే ఆ పేపర్‌లో చూపించిన చావులే ఎక్కువున్నాయని కొందరు పట్టుకున్నారు. అసలు డేటా చూపించమంటే సర్జిస్ఫియర్ అనే ఆ డేటా కంపెనీ చూపించలేదు, జూన్ 4 కల్లా పేపర్ రిట్రాక్ట్, అంటే వెనక్కి తీసేసుకున్నారు.

మీరు చెయ్యాల్సింది చిన్న పని: పేపర్ పేరుతో పాటు రిట్రాక్షన్ అన్న మాట కలిపి వెతకండి. 2010 నుంచి రిట్రాక్షన్ వాచ్ అని వెనక్కి తీసుకున్న పేపర్ల సంగతి రాసేవాళ్ళు కూడా ఉన్నారు.

పబ్‌మెడ్‌లో ఉందండీ, అమెరికా ప్రభుత్వం సైట్.

అది లైబ్రరీ క్యాటలాగ్. పుస్తకం అలమారాలో ఉంది అంటే అందులో రాసింది నిజమని లైబ్రేరియన్ సంతకం పెట్టినట్టు కాదు.

ప్రీప్రింట్ అంటే?

వేరే శాస్త్రవేత్తలు తనిఖీ చెయ్యకముందే రాసినవాళ్ళు నెట్‌లో పెట్టే పేపర్. అది తప్పేం కాదు, తొందరగా అందరికీ తెలియటానికి మంచిదే. మన జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్ సంగతి చూడండి, మూడో దశ ట్రయల్ ఫలితాలు 2021 జూలైలో ప్రీప్రింట్‌గా వచ్చాయి, నవంబర్‌లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. 130 మందికి లక్షణాలతో కోవిడ్ వస్తే అందులో టీకా వాళ్ళు 24, డమ్మీ ఇంజెక్షన్ వాళ్ళు 106, దాన్నుంచే 77.8 శాతం అన్న లెక్క. చూశారా, ఇక్కడ "దేనితో పోలిస్తే" అన్నదానికి జవాబు పేపర్‌లోనే ఉంది. వార్తలో ప్రీప్రింట్ అని కనబడితే కొన్ని నెలలాగి మళ్ళీ వెతకండి, అచ్చయిందా, నంబర్లు మారాయా అని.

డబ్బులు కడితే వేసే జర్నల్స్ నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి, బోలెడు. పైన చెప్పిన బొహాననే 2013 లో తప్పులు కావాలనే నింపిన ఒక దొంగ పేపర్‌ని 304 జర్నల్స్‌కి పంపితే 157 వేస్తామన్నాయి. ఎడిటర్లు ఎవరు, వాళ్ళు నిజంగా ఏ యూనివర్సిటీలో పనిచేస్తున్నారు, తనిఖీకి ఎన్నాళ్ళు పట్టింది, ఇవి చూస్తే సగం తెలిసిపోతుంది. మూడు రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ అన్నారంటే అక్కడ ఎవరూ చదవట్లేదు.

"ఇది తింటే క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతుంది" అన్నారు. భయమేస్తోంది.

దేని మీద 18 శాతం? 2015 లో డబ్ల్యూహెచ్ఓ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ వాళ్ళు సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతుందన్నారు. లెక్క కోసం ఒక జబ్బు జీవితం మొత్తంలో వందలో అయిదుగురికి వస్తుందనుకోండి, 18 శాతం పెరిగితే దాదాపు ఆరుగురికి వస్తుంది. వందలో ఇంకో 18 మందికి అని కాదు. ఆ ఒక్కరూ మనిషే, తీసెయ్యట్లేదు, కానీ మీరు ఊహించుకున్న నంబర్ వేరు.

ఐఏఆర్‌సీ గ్రూపుల గురించి కూడా గందరగోళం ఉంది. ప్రాసెస్డ్ మాంసం, సిగరెట్ ఒకే గ్రూప్‌లో ఉంటే రెండూ సమానంగా ప్రమాదమని కాదు, రెండిటికీ రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే. 2023 లో డైట్ డ్రింకుల్లో వేసే ఆస్పర్టేమ్‌ని 2బీ లో పెట్టారు, అంటే రుజువు బలహీనం, అవకాశం ఉండొచ్చు అని, కలబంద మొత్తం ఆకు ఎక్స్‌ట్రాక్ట్ కూడా అదే గ్రూప్‌లో ఉంది. రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాముల వరకు పర్వాలేదన్న పాత హద్దుని డబ్ల్యూహెచ్ఓ అట్లే ఉంచింది.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారట, నీళ్ళల్లో తేలుతున్నాయి. వీడియో ఉంది.

వీడియోలో తేలుతున్నది నిజమే కావచ్చు, అర్థం చెప్పింది తప్పు. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి, 100 మామూలు గింజలకి 1 చొప్పున కలుపుతారు. ఒత్తి చేసినవి కాబట్టి మామూలు బియ్యం కంటే తేలికగా ఉండి కొన్ని పైకి తేలతాయి, రంగు కూడా కొద్దిగా వేరు. మా ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ 8, 9 ఉన్న ఆడవాళ్ళ రిపోర్ట్‌లు రోజూ చూస్తుంటా, వాళ్ళే ఆ గింజలు ఏరి పారేస్తున్నామని చెప్తే బాధేస్తుంది.

చేప ప్రసాదం?

ఆస్తమా తగ్గుతుందని మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి వెళ్ళి చేప ప్రసాదం మింగేవాళ్ళ నమ్మకాన్ని నేనేమీ అనను. మందుగా పని చేస్తుందా అని అడిగితే మాత్రం పాత ప్రశ్నే, దేనితో పోలిస్తే? ఆస్తమా దానంతటదే కొన్నాళ్ళు ఎక్కువ, కొన్నాళ్ళు తక్కువ ఉండే జబ్బు, తగ్గినవాళ్ళు మళ్ళీ వచ్చి చెప్తారు, తగ్గనివాళ్ళు రారు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

యూట్యూబ్‌లో చెప్పింది డాక్టరే కదా?

ఏ డాక్టర్? పీహెచ్‌డీ చేసినా డాక్టరే. ఎంబీబీఎస్ అయితే తెలంగాణ మెడికల్ కౌన్సిల్ దగ్గర గానీ నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో గానీ పేరు ఉంటుంది. ఎముకల డాక్టర్ కిడ్నీ గురించి చెప్తున్నారా అన్నది కూడా చూడండి. వీడియో కింద లింక్‌లో పొడి డబ్బా అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త. షుగర్ పూర్తిగా నయం చేస్తామని ప్రకటన ఇవ్వటం మన దేశంలో 1954 చట్టం ప్రకారమే నేరం.

ఏఐని అడిగితే సరిపోదా?

సులువుగా అర్థమయ్యేలా చెప్పించుకోవటానికి బాగుంటుంది. రుజువు చూపించమని అడిగితే ఒక్కోసారి లేని పేపర్ని ఉన్నట్టు, రచయితల పేర్లతో సహా రాసిచ్చేస్తుంది. ఇప్పుడొచ్చే పేపర్లలో చాలావాటికి 10 తో మొదలయ్యే డీఓఐ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది, అది కొట్టి చూడండి, అదే పేపర్ తెరుచుకుంటే సగం పని అయింది, లోపల నిజంగా అదే రాసుందా అన్నది మిగతా సగం.

మన ఊళ్ళోనే అడగదగ్గ వాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్ళం అదృష్టవంతులం. తిండి గురించి అయితే తార్నాక ఎన్ఐఎన్, 2024 లో భారతీయుల కోసం 17 సూచనలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు, ఏ పప్పులో ఎంత ప్రోటీన్ ఉందో 2017 లో 528 రకాల ఆహారాలకి పట్టికలు వేశారు. భూకంపాల గురించి ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలకి ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్, జన్యువుల సంగతికి సీసీఎంబీ. 2024 డిసెంబర్ 4 న ములుగు దగ్గర భూకంపం వస్తే ఇక్కడ మన దగ్గర కూడా ఊగింది కదా, అట్లాంటప్పుడు "రేపు ఇన్ని గంటలకి ఇంకోటి" అని ఎవరు పంపినా నమ్మకండి, రోజు, టైమ్ చెప్పగలిగే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

ఇంట్లో పెద్దవాళ్ళు వినరు. ఎలా చెప్పాలి?

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా మేనత్తకి పన్నెండేళ్ళుగా షుగర్. ఏదో వీడియో చూసి మాత్రలు మానేసి పొద్దున్నే ఒక కషాయం మొదలుపెట్టింది, ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల తర్వాత కాలికి పుండు మానట్లేదని వస్తే నేనే రక్తం తీశా, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 11.4. ఆ రిపోర్ట్ ప్రింట్ తీస్తుంటే చేతులు వణికాయి. అంతకుముందు గ్రూప్‌లో ఆమె పెట్టిన ప్రతి వీడియో కింద "ఫేక్" అని ఒక్క మాట పెట్టి వదిలేసేవాణ్ణి, అందుకే నాకు చెప్పకుండా దాచింది.

ఇప్పుడు అందరి ముందు ఏమీ అనను, విడిగా ఫోన్ చేస్తా. "తప్పు" అనను, "అత్తా, ఇది ఎంతమందికి ఇచ్చి చూశారట?" అని అడుగుతా, ఇద్దరం కలిసి వీడియోలో వెతుకుతాం. పుండు మానింది, మొన్న టెస్టులో 7.6 వచ్చింది. నిన్న రాత్రి ఇంకో వీడియో పంపింది, కింద వాయిస్ మెసేజ్: "బిడ్డా, దీంట్ల ఎంతమందో చెప్పలే. నానబెట్టిన మెంతులు తినొచ్చునా?" నేను "తిను అత్తా, మాత్ర కూడా వేస్కో, సోమవారం పరగడుపున రా" అని పెట్టా.